ఆర్చీ మూర్: అడ్డచేతుల గార్డు, 175 పౌండ్ల తూకం, 131 నాకౌట్లు. లెక్కలు తేల్చుకుందాం

మూడో_రౌండు

ఒకప్పటి లైట్ హెవీవెయిట్ (175 పౌండ్ల తరగతి) బాక్సింగ్ ఛాంపియన్, అమెరికన్ ఆర్చీ మూర్ మీద మన దగ్గర విడిగా థ్రెడ్ లేదు. హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో థ్రెడ్‌లో నాలుగు ముక్కలు, అలీ థ్రెడ్‌లో రెండు ముక్కలు, అంతే. అందుకని ఇది మొదలుపెడుతున్నా.

తేలాల్సినవి ఇవి. ఆ అడ్డచేతుల గార్డు (దెబ్బలు కాచుకునే చేతుల భంగిమ) అసలు ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది? హెవీవెయిట్లతో 190 పౌండ్ల పైన ఆడుతూ మళ్లీ 175కి ఎలా దిగేవాడు? నాకౌట్లు 131 అని ఒకరు, 132 అని ఒకరు అంటున్నారు, ఏది పట్టుకోవాలి? అంతటివాడికి 1952 డిసెంబర్ దాకా టైటిల్ పోటీ ఎందుకు దొరకలేదు? ఎవరికి ఏ ముక్క తెలిస్తే ఆ ముక్క రాయండి. పొగడ్తలు పక్కన పెట్టి పని చెప్పండి.

లెక్కల_మాస్టారు

పుట్టిన తేదీ దగ్గరే తగువు మొదలవుతుంది కాబట్టి అదే ముందు. అసలు పేరు ఆర్చిబాల్డ్ లీ రైట్. సెయింట్ లూయిస్‌లో పెంచిన బంధువుల ఇంటిపేరు మూర్. తల్లి చెప్పింది 1913 డిసెంబర్ 13, మిసిసిపీ రాష్ట్రంలో బెనోయిట్. మూర్ చెప్పుకున్నది 1916, ఇల్లినాయ్‌లో కాలిన్స్‌విల్. విలేఖరులు గుచ్చి గుచ్చి అడిగితే, బాగా ఆలోచించాను, నేను పుట్టేటప్పటికే నాకు మూడేళ్లు అయ్యుంటాయి అని నవ్వేసేవాడు. కాబట్టి టైటిల్ గెలిచిన రోజుకి వయసు 36 అన్నా 39 అన్నా ఇద్దరూ సగం కరెక్టే. పరిశోధకులు ఎక్కువమంది 1913 వైపే ఉన్నారు.

కుర్రతనంలో ట్రాముబండి చిల్లర దొంగిలించి పట్టుబడ్డాడు. మిస్సోరీలోని బూన్‌విల్ బాలల సంస్కరణాలయంలో 22 నెలలున్నాడు. బాక్సింగ్ మీద మనసు పడింది ఆ వయసులోనే. ప్రొఫెషనల్‌గా 1930ల నడుమ మొదలుపెట్టి 1963 మార్చి దాకా ఆడాడు. మొత్తం పోటీలు దాదాపు 220.

నాకౌట్ల లెక్క విడిగా రాస్తాను, అది పెద్ద తతంగం.

రింగుపక్క_రావు

గార్డు సంగతి నేను తీసుకుంటా. చాలామంది దీన్ని చేతులు కట్టుకుని నిలబడటం అనుకుంటారు. కాదు. రెండు ముంజేతులు రెండు అడ్డగడియల్లాగా, ఒకటి పైన, ఒకటి కింద.

పై గడియ కుడిచెయ్యి. కుడి ముంజెయ్యి అడ్డంగా మూతి ఎత్తులో ఉంటుంది, కుడి గ్లవ్ వచ్చి ఎడమ భుజం మీద ఆనుతుంది. గడ్డం ఆ చేతి వెనక దాక్కుంటుంది, కళ్లు దాని మీదుగా చూస్తాయి. కింది గడియ ఎడమచెయ్యి. పొట్ట మీదుగా అడ్డంగా వెళ్లి, ఎడమ గ్లవ్ కుడి డొక్క దగ్గర ఆగుతుంది. మోకాళ్లు వంగి, వెన్ను కొంచెం గుండ్రంగా, తల ముందుకు దించి ఉంటుంది.

ఇప్పుడు ఎదుటివాడి దెబ్బలు ఒక్కొక్కటి వేసి చూడండి.

జాబ్ (ముందుచేత్తో వేసే సూటి దెబ్బ) వస్తే కుడి మోచేతిని రెండు మూడు అంగుళాలు లేపుతాడు. జాబ్ ముంజేతి మీద జారి నెత్తి మీదుగా పోతుంది. వాడి కుడి క్రాస్ (వెనకచేత్తో వేసే సూటి దెబ్బ) మూర్ ఎడమ చెంప వైపు వస్తుంది. అక్కడ కుడి గ్లవ్ ముందే కాపు కాసి ఉంది, పైగా ఎడమ భుజం ముందుకు తిరిగితే దెబ్బ భుజం మీదే చచ్చిపోతుంది. వాడి ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) తలకి వస్తే లేపిన కుడి మోచెయ్యి అడ్డు. అదే హుక్ కాలేయానికి వస్తే, కుడి డొక్క మీద ఉన్న ఎడమ గ్లవ్ అడ్డు. కింద్నుంచి పైకి పొట్టకి వచ్చే అప్పర్‌కట్‌కి రెండు గడియలూ అడ్డమే.

అప్పట్లో గ్లవ్స్ ఇప్పటి 10 ఔన్సులవాటికంటే చిన్నవి. వాటిని మొహం ముందు పెట్టి దాక్కుందామంటే సందులు ఎక్కువ. ముంజేతులతో కాచుకోవడానికి అదొక కారణం.

ఓరుగల్లు_హుక్

రావు సార్, కాచుడు మంచిగనే చెప్పిండ్రు. కొట్టుడు ఎట్లనో చెప్పాలె కదా. ఆ గార్డు అసలు బలం అక్కడ్నే ఉంది.

ఎడమచెయ్యి నడుము ఎత్తున ఉంటది, ఎదుటోని కంటికి ఆనదు. వాడు కుడి వేసిన క్షణంల మూర్ కుడిదిక్కు ఒరుగుతడు, కింద్నుంచి ఎడమ హుక్ లేస్తది. గది కనవడేసరికి దవడ మీద పడి ఉంటది. కుడిచెయ్యి ముందుగాల్నే ఎడమ భుజం మీద ఉంది గాబట్టి వెనుకకు లాగే పని లేదు. గొడ్డలి దించినట్టు పైనుంచి కిందికి దించుడే. దూరం తక్కువ, సప్పుడు తక్కువ, దెబ్బ మాత్రం ఎక్కువ.

ఇంకోటి, మూర్ దెబ్బ కాచినంక ఆగడు. కాచిన చెయ్యే కొడతది. ముంజేతి మీద జాబ్ జారినప్పుడు భుజం ఇటు తిరుగుతది చూడు, ఆ తిరుగుడు వాపస్ వచ్చేటప్పుడే కుడి పడతది. అంటే కాచుడు, కొట్టుడు రెండు పనులు కావు, ఒకటే తిరుగుడు. దాన్ని రెండు ముక్కలు చేసి నేర్చుకున్నోనికి ఈ గార్డు జన్మల రాదు.

సౌత్‌పా_సుధ

మరి ఎక్కడ చెడుతుందో ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నా.

కుడి మోచెయ్యి అలవాటుగా పైకి లేచిపోతే కాలేయం ఒక్క ఎడమ గ్లవ్ దయ మీద ఉంటుంది. ఆ గ్లవ్ హుక్ కోసం కదిలిందా, అక్కడ ఏమీ లేదు.

ఎదుటివాడు దగ్గరికొచ్చి అడ్డంగా ఉన్న చేతుల మీద తన ముంజెయ్యి వేసి కిందికి నొక్కేస్తే రెండు చేతులూ ఒకేసారి చిక్కుకుంటాయి. మామూలు గార్డులో ఒక చెయ్యి పోయినా రెండోది మిగులుతుంది. ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి కదా.

ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంటే జాబ్ పైకి ప్రయాణం చేయాలి. దూరం నుంచి చకచకా జాబ్ వేసే పొడుగువాడితో నష్టం. పైగా తల ముందుకు దించి ఉంటే నడినెత్తి ఎదురుగా ఉంటుంది. 1962 నవంబర్ 15న లాస్ ఏంజెల్స్‌లో క్యాషియస్ క్లే (తర్వాతి మహమ్మద్ అలీ) చేసింది అదే. గార్డులోకి దూరే ప్రయత్నమే చేయలేదు. పైనుంచి నుదుటి మీదా నడినెత్తి మీదా వాయించి మత్తెక్కించాడు. నాలుగో రౌండులో పడగొడతానని ముందే చాటి, నాలుగులోనే పడగొట్టాడు. మూర్‌కి అప్పటికి 48 గానీ 45 గానీ.

అన్నింటికంటే పెద్ద చిక్కు, ఈ గార్డులో దెబ్బ తగలకుండా పోదు, చేతులకి తగులుతుంది. ఎదుటివాడు మార్సియానో అయితే చేతులే గురి. 1953 సెప్టెంబర్‌లో మార్సియానో తన ప్రత్యర్థి రోలాండ్ లా స్టార్జాని, అతని చేతుల్లో రక్తనాళాలు చిట్లిపోయేలా కొట్టాడు, ఆ తర్వాత లా స్టార్జా గార్డు దానంతటదే కిందికి దిగింది.

బెజవాడ_కార్నర్

సుధగారు చెప్పిన చివరి పాయింటుకి 1955 సెప్టెంబర్ 21, యాంకీ స్టేడియం సాక్ష్యం. మార్సియానో హెవీవెయిట్ టైటిల్ కోసం మూర్ ఆడిన పోటీ, తుఫాను భయంతో ఒకరోజు వాయిదా పడింది. మూర్ 188, మార్సియానో 188 పైన పావు పౌండు. జనం 61 వేలకు పైన, గేటు వసూలు 9 లక్షల 48 వేల డాలర్లు.

రెండో రౌండులో మార్సియానో ఎప్పటిలాగే దూసుకొచ్చాడు. మూర్ పొట్టి కుడి దెబ్బ ఒకటి వేశాడు. మార్సియానో చేతులు, మోకాళ్లు నేలకు ఆనించాడు. అతని కెరీర్ మొత్తంలో అది రెండోసారి, మొదటిది 1952లో అప్పటి ఛాంపియన్ వాల్కాట్ చేతిలో. రెండు అంకెలు లెక్కపెట్టేలోపే లేచాడు.

తర్వాత జరిగినదాని మీదే గొడవ. అప్పట్లో మామూలు పోటీల్లో కిందపడ్డవాడు లేచినా 8 దాకా లెక్కపెట్టాలి. టైటిల్ పోటీలో ఆ నిబంధన వర్తించేది కాదు. అయినా రెఫరీ హ్యారీ కెస్లర్ మధ్యలో నిలబడి లెక్క కొనసాగించాడని, ఆ రెండు మూడు సెకన్లలో మార్సియానో తేరుకున్నాడని మూర్ బతికున్నన్నాళ్లూ ఫిర్యాదు చేశాడు.

తర్వాత కథ ఒకవైపే నడిచింది. ఆరో రౌండులో మూర్ రెండుసార్లు పడ్డాడు. ఎనిమిది చివర మళ్లీ పడితే గంట కాపాడింది. ఆపేద్దామా అని అడిగితే, నేనూ ఒక ఛాంపియన్‌నే, లెక్కపెట్టించుకునే ఓడిపోతాను అన్నాడు. తొమ్మిదిలో పది లెక్క పూర్తయింది. మార్సియానోకి అది 49వ గెలుపు, ఆఖరి పోటీ. 1956 ఏప్రిల్‌లో రిటైరయ్యాడు.

పాతరీలు

కెస్లర్ మీద అంత బరువు పెట్టకండి. ఆ ఫిల్మ్ ముక్క ఆపి ఆపి చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మార్సియానో లేచేటప్పుడు కాళ్లు తడబడలేదు. రెఫరీ పక్కకు తప్పుకున్న తర్వాత మూర్ వెంటపడ్డాడు, కానీ దూరం సరిచూసుకుంటూ ఒక్కొక్క దెబ్బ ఏరి వేశాడు. గుంపుగా కుమ్మేయలేదు. అది అతని స్వభావం, 20 ఏళ్ల అలవాటు. తొందరపడి చేతులు చాపితే మార్సియానో కుడి దెబ్బ పడుతుందని తెలుసు. ఆ జాగ్రత్తే అతన్ని అన్నేళ్లు నిలబెట్టింది, ఆ రాత్రి అదే అడ్డొచ్చింది.

మూడు, నాలుగు రౌండ్లలో మార్సియానో ఎక్కడ కొడుతున్నాడో చూడండి: భుజాలు, కండలు, మోచేతులు. తల దొరికితే తల, దొరక్కపోతే చేతులు. ఆరో రౌండుకి మూర్ కుడి మోచెయ్యి లేవాల్సిన ఎత్తుకి లేవడం లేదు. సుధగారు లా స్టార్జా గురించి చెప్పిందే, ఇక్కడ నెమ్మదిగా జరిగింది.

బెజవాడ_కార్నర్

ఒప్పుకుంటా, రీలు గారూ. రెఫరీ తప్పు చేశాడు, అయితే ఫలితం మారేది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

లెక్కల_మాస్టారు

నాకౌట్ల తతంగానికి వస్తున్నా.

మొదటి చిక్కు నాకౌట్ అంటే ఏమిటన్నదే. పది లెక్క పూర్తవడం, రెఫరీ ఆపడం, విరామం తర్వాత స్టూలు మీంచి లేవకపోవడం, ఈ మూడూ రికార్డులో ఒకే గడిలో కలుస్తాయి. 131 గానీ 132 గానీ, అది పది లెక్కపెట్టించిన సంఖ్య కాదు. మూడూ కలిపిన సంఖ్య.

రెండో చిక్కు 1930లు. చిన్న చిన్న ఊళ్లలో జరిగిన పోటీలకు ఆధారం ఆ ఊరి పత్రికలో వచ్చిన రెండు వరసలు మాత్రమే. ఫలితం ఒక పత్రికలో ఒకలా, ఇంకో పత్రికలో ఇంకోలా వస్తుంది. ప్రదర్శన పోటీని అసలు పోటీగా, అసలు పోటీని ప్రదర్శనగా రాసిన సందర్భాలు ఆ కాలంలో కొల్లలు. ఎవరైనా పాత పత్రిక తవ్వితీస్తే లెక్క అటో ఇటో ఒకటి జరుగుతుంది. అందుకే పాత పుస్తకాల్లో 131, కొత్త జాబితాల్లో 132. గెలుపులు కూడా 183 నుంచి 186 దాకా ఊగుతాయి.

ఏ సంఖ్య తీసుకున్నా మొదటి స్థానం మారదు. అతనికి ముందు రికార్డు యంగ్ స్ట్రిబ్లింగ్‌ది. దాన్ని దాటింది 1958 డిసెంబర్ 10న డ్యురెల్‌తో ఆడిన టైటిల్ పోటీలో అని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి.

మూడో_రౌండు

ఆ డ్యురెల్ పోటీ మొదటి రౌండు ఎవరైనా విడమరిచి రాయండి. అందులో మూడుసార్లు పడ్డ మూర్ పదకొండో రౌండులో ఎలా గెలిచాడు?

పాతరీలు

మాంట్రియల్ ఫోరం. యివాన్ డ్యురెల్ కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ తీరం జాలరి, చేపల పడవల మీద బలిసిన భుజాలు. రెఫరీ జాక్ షార్కీ, ఒకప్పటి హెవీవెయిట్ ఛాంపియన్.

మూర్ ఎప్పుడూ నెమ్మదిగా మొదలుపెట్టేవాడు. మొదటి రౌండు ఎదుటివాణ్ణి చదవడానికి వాడుకునేవాడు. ఎడమచెయ్యి కింద ఉంది, కుడి గ్లవ్ ఇంకా భుజం మీదికి రాలేదు, అంటే పై గడియ పడలేదు. డ్యురెల్ కుడి ఆ ఎడమచేతి మీదుగా నేరుగా వచ్చింది. మూర్ వెల్లకిలా పడ్డాడు, తల నేలకు కొట్టుకుంది. 9 దగ్గర లేచాడు. అదే రౌండులో ఇంకో రెండుసార్లు పడ్డాడు. ఐదో రౌండులో మళ్లీ పడ్డాడు.

ఒక రౌండులో మూడుసార్లు పడితే పోటీ ముగిసే నిబంధన ఆ రాత్రి అమల్లో లేదు. ఉంటే మొదటి మూడు నిమిషాల్లోనే టైటిల్ చేతులు మారేది.

ఎలా తేరుకున్నాడంటే, ప్రతిసారీ పూర్తి లెక్క తీసుకున్నాడు, గాభరాగా లేవలేదు. లేచాక దూరం జరగలేదు, దగ్గరికెళ్లి కౌగిలి పట్టాడు. దూరంగా ఉంటే డ్యురెల్ కుడికి చోటు దొరుకుతుంది, ఛాతీకి ఛాతీ ఆనితే దొరకదు. రెండో రౌండు నుంచి జాబ్ మీద బతికాడు. డ్యురెల్ నాలుగు రౌండ్లు ముగించేద్దామని ఊపిరంతా ఖర్చుపెట్టాడు. ఏడో రౌండులో మొదటిసారి అతను కిందపడ్డాడు, పదిలో మళ్లీ, పదకొండులో లేవలేదు. 1959 ఆగస్టులో అక్కడే మళ్లీ ఆడితే మూడు రౌండ్లలో అయిపోయింది.

ఆ పోటీ అమెరికాలో టీవీలో వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఆడి సంపాదించుకోలేని పేరు ఒక్క రాత్రిలో వచ్చింది.

ఓరుగల్లు_హుక్

అందుకే ముసలి ముంగిస అని పేరు వెట్టిండ్రు. మన ఊర్లల్ల పాములోడు ఆడించే ముంగిసను యాది చేస్కోండి. పాము ఎన్నిసార్లు కొట్టినా అది పక్కకు జరుగుతది, పాము అలిసినంకనే మెడ పడుతది. అమెరికావోళ్లు తెలిసి వెట్టిండ్రో తెల్వక వెట్టిండ్రో, పేరు మాత్రం సరిగ్గ కుదిరింది.

సౌత్‌పా_సుధ

తూకం ప్రశ్నకి నేను లెక్క కట్టాను. 1955 ఒక్క ఏడాది చూడండి.

మే 2, లాస్ వేగాస్, క్యూబా హెవీవెయిట్ నినో వాల్డెస్‌తో 15 రౌండ్లు. మూర్ బరువు 196 దాకా, అంటే 89 కిలోలు. జూన్ 22, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్, మిడిల్‌వెయిట్ ఛాంపియన్ బోబో ఓల్సన్ మీద లైట్ హెవీ టైటిల్ కాపాడుకోవాలి. పరిమితి 175, అంటే 79.4 కిలోలు. మధ్యలో 51 రోజులు. 9 కిలోల పైన దిగాలి. వారానికి 1.3 కిలోలు. సెప్టెంబర్ 21కి మళ్లీ 188.

వారానికి 1.3 అంటే తిండి తగ్గించి, రోజూ మైళ్లకు మైళ్లు నడిస్తే అయ్యే పనే. ఆఖరి నాలుగు కిలోలే కష్టం, అది నీరు. అప్పట్లో తూకం పోటీ రోజు మధ్యాహ్నమే జరిగేది. ఇప్పటిలా ముందురోజు తూగి, రాత్రంతా నీళ్లు తాగి, 5 కిలోలు ఎక్కి రింగులోకి రావడం కుదరదు. నీళ్లు పిండేసుకుని 175 తూగితే, ఆ ఎండిపోయిన ఒంటితోనే ఎనిమిది గంటల్లో 15 రౌండ్లు ఆడాలి. రక్తం చిక్కబడి గుండె వేగం పెరుగుతుంది, కాళ్లు పట్టేస్తాయి. అందుకే మూర్ ఎక్కువ భాగం తిండితో, నెలల ముందునుంచి దించేవాడు.

ఇంత చేసి ఓల్సన్‌ని మూడు రౌండ్లలో పడగొట్టాడు. ఆ గెలుపే మార్సియానో దగ్గరికి తీసుకెళ్లింది.

మూడో_రౌండు

మాంసం నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేసేవాడని, ఆ రహస్యం ఆస్ట్రేలియా ఆదివాసీ ఇచ్చాడని చదివాను. నిజమేనా?

సౌత్‌పా_సుధ

నమిలి ఉమ్మడం గురించి అతనే చెప్పుకున్నాడు. 1940లో ఆస్ట్రేలియా వెళ్లి వరసగా పోటీలు ఆడిన మాట నిజం. ఆదివాసీ రహస్యం మాత్రం విలేఖరుల కోసం పెట్టిన మసాలా. పైన వేసిన లెక్క చూడండి, ఏ రహస్యమూ అక్కర్లేకుండానే సరిపోతోంది. కొవ్వు తగ్గాలంటే లోపలికి వెళ్లేది తగ్గాలి. నమిలి ఉమ్మినా అసలు వడ్డించుకోకపోయినా ఒంటికి ఒకటే, నాలుకకే తేడా. కుర్రాళ్లెవరూ దీన్ని పట్టుకోకండి, మాంసకృత్తులు పోతాయి, కండ కరుగుతుంది.

ఇంకో మాట. 1941లో అతని కడుపులో పుండు చిల్లు పడి ప్రాణం మీదికొచ్చింది, 1942లో గానీ మళ్లీ రింగెక్కలేదు. తిండి విషయంలో అంత పట్టింపు ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు.

బెజవాడ_కార్నర్

వాల్డెస్ పోటీలో ఒక చిన్న పని చెప్పకుండా వదిలేశారు. ఆరుబయట, సాయంత్రం ఎండలో జరిగింది. మూర్ తిరిగి తిరిగి వాల్డెస్‌ని పడమరకి మొహం పెట్టి నిలబడేలా చేశాడు. కళ్లల్లో ఎండ. 211 పౌండ్ల మనిషి జాబ్ కనబడక కళ్లు చికిలిస్తూ ఆడాడు. 15 పౌండ్ల తేడాని సూర్యుడితో పూడ్చాడు.

రింగుపక్క_రావు

టైటిల్ ఎందుకు రాలేదన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

1940లలో అతను ఎవరితో ఆడాడో చూడండి: ఎడ్డీ బుకర్, చార్లీ బర్లీ, జిమ్మీ బివిన్స్, ఎజార్డ్ చార్ల్స్, హెరాల్డ్ జాన్సన్. అందరూ నల్లవాళ్లు, అందర్నీ ఛాంపియన్లు తప్పించుకు తిరిగారు. టైటిల్ దొరక్క వాళ్లలో వాళ్లే మళ్లీ మళ్లీ తలపడ్డారు. 1944లో హాలీవుడ్‌లో బర్లీ మూర్‌ని పడగొట్టి మరీ గెలిచాడు. తాను చూసినవాళ్లలో బర్లీయే మేటి అని మూర్ తర్వాత చెప్పేవాడు. బర్లీకి టైటిల్ పోటీ ఎప్పటికీ రాలేదు.

చార్ల్స్ చేతిలో మూడుసార్లూ ఓడిపోయాడు: 1946 పిట్స్‌బర్గ్, 1947 సిన్సినాటి, 1948 జనవరి క్లీవ్‌లాండ్. మూడోది చూసి తీరాల్సిన పాఠం. ఎనిమిదో రౌండులో మూర్ చార్ల్స్‌ని కుదిపేసి ముగించడానికి ముందుకెళ్లాడు. కాపు వదిలేశాడు. చార్ల్స్ ఎదురుదెబ్బకి నాకౌట్. రీలుగారు చెప్పిన ఆ జాగ్రత్త ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. మార్సియానో మీద ఎందుకు కుమ్మేయలేదంటే, ఏడేళ్ల కిందట ఒకసారి కుమ్మబోయి ఏమైందో ఒంటికి గుర్తుంది.

ఛాంపియన్‌కి ఏం లాభం ఇలాంటివాడితో ఆడితే? ఓడే ప్రమాదం పెద్దది, టికెట్లు కొనే జనం తక్కువ. లెస్నెవిచ్, మిల్స్, మాక్సిమ్, ముగ్గురి కాలంలోనూ వరసలో ముందున్నా పిలుపు రాలేదు.

లెక్కల_మాస్టారు

చివరికి పిలుపు ఎంతకి వచ్చిందో అంకెలు చూడండి. 1952 డిసెంబర్ 17, సెయింట్ లూయిస్. ఛాంపియన్ జోయీ మాక్సిమ్‌కి హామీ సొమ్ము లక్ష డాలర్లు. మూర్‌కి మిగిలింది 800. లక్షలో వందో వంతు కూడా కాదు. పైగా మాక్సిమ్ మేనేజర్ జాక్ కెర్న్స్, ఒకప్పుడు జాక్ డెంప్సీని నడిపినవాడు, మూర్ రాబోయే ఆదాయంలో కూడా వాటా రాయించుకున్నాడు. అంటే ఎవరు గెలిచినా ఛాంపియన్ కెర్న్స్‌వాడే. తెలిసే సంతకం పెట్టాడు మూర్. 15 రౌండ్లు ఏకపక్షంగా గెలిచాడు.

అక్కడినుంచి తొమ్మిదేళ్లలో తొమ్మిదిసార్లు టైటిల్ కాపాడుకున్నాడు: మాక్సిమ్ రెండుసార్లు, జాన్సన్, ఓల్సన్, లండన్‌లో యోలాండ్ పాంపే, టోనీ ఆంథనీ, డ్యురెల్ రెండుసార్లు, 1961 జూన్‌లో జూలియో రినాల్డి. మధ్యలో టైటిల్ లేని పోటీలు లెక్కలేనన్ని. రింగులో ఎవరూ ఆ బెల్టు లాక్కోలేదు. ఎన్‌బీఏ (అప్పటి నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్) 1960లో, న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ 1962లో కాగితం మీద తీసేశాయి.

ఓరుగల్లు_హుక్

జాన్సన్ ముచ్చట ఒక్క లైన్ల పోనిచ్చిండ్రు మాస్టారూ. 1954 ఆగస్టు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. వాళ్లకది ఐదో పోటీ. పదో రౌండ్ల మూర్ పడ్డడు. పద్నాలుగుల జాన్సన్‌ను కుదిపి ఆపించిండు. ఇయ్యాల 12 రౌండ్ల పద్ధతిల అయితే ఆ పద్నాలుగో రౌండే లేదు. మూర్ నాకౌట్ల లెక్క చూసేటప్పుడు గిది మర్వకుండ్రి. 15 రౌండ్ల కాలపు మనిషి, ఆఖరి మూడు రౌండ్లు ఆయన సొంత జాగ.

మూడో_రౌండు

అయితే ఈ గార్డు మన అమెచ్యూర్ కుర్రాళ్లకు పనికొస్తుందా? మూడు నిమిషాల రౌండ్లు మూడే కదా.

రింగుపక్క_రావు

మొత్తంగా వద్దు. మూడు రౌండ్లలో చదవడానికి టైము లేదు, మొదటి రౌండు ఇచ్చేస్తే మూడో వంతు పోటీ ఇచ్చేసినట్టే. జడ్జీలకు కూడా తల వంచి చేతుల మీద దెబ్బలు కాచేవాడు ఓడిపోతున్నట్టే కనిపిస్తాడు.

ఒక ముక్క తీసుకోవచ్చు. తాళ్లకి ఆనించి కొడుతున్నప్పుడు రెండు సెకన్లు గడియలు వేసి, భుజం తిప్పి పక్కకు జారడం. సాధన ఇలా: అద్దం ముందు రెండు నిమిషాలు గడియలు వేసి తీసి, ఏ చెయ్యి పైనో ఒంటికి తెలియాలి. తర్వాత జోడీదారు మెల్లగా జాబ్ ఒక్కటే వేయాలి, మోచెయ్యి రెండు అంగుళాలకు మించి లేవకూడదు. అది కుదిరాక జాబ్, కుడి. ఆ తర్వాతే హుక్. వేగం పెంచడం ఆఖర్న. మొదటి రోజే హుక్ కలిపితే మోచెయ్యి భయంతో పైకి పోతుంది, సుధగారు చెప్పిన కాలేయం దెబ్బ అక్కడే పడుతుంది.

హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ రిటైరై తిరిగొచ్చాక, రెండో ఇన్నింగ్స్‌లో ఇదే గార్డు వాడాడు, నేర్పడానికి పక్కన మూర్ ఉన్నాడు. నలభై దాటినవాడికి కాళ్లతో తప్పించుకునే ఓపిక ఉండదు, చేతుల గడియలు చాలు.

పాతరీలు

మార్సియానోతోనూ క్లేతోనూ ఆడింది ఇతనొక్కడే. కాకపోతే ఆ రెండిటితోనే ఇతన్ని కొలవడం అన్యాయం, రెండూ ఓటములే. మూర్‌ని చూడాలనుకునేవాళ్లు 1958 డ్యురెల్ పోటీ నాలుగు నుంచి ఏడు రౌండ్లు చూడండి. మధ్యలో ఐదులో పడతాడు, లేస్తాడు. ఆరో రౌండులో రెండు గడియలూ వేసుకుని, డ్యురెల్ కొట్టిన ప్రతి దెబ్బకీ అర అడుగు పక్కకు జరుగుతూ, ఒక్కో జాబ్ వేస్తూ పోతుంటాడు. శబ్దం తీసేసి అతని కుడి మోచేతినే చూడండి, ఎదుటివాణ్ణి చూడకండి.

మూడో_రౌండు

చూశా. ఆరో రౌండులో మోచెయ్యి లేపడం కంటే భుజం తిప్పడమే ఎక్కువ చేస్తున్నాడు. రావుగారూ, ఆ రెండు అంగుళాల లెక్క మార్చాలేమో.

రింగుపక్క_రావు

డ్యురెల్ పొట్టివాడు, జాబ్ కింద్నుంచి వస్తుంది, అందుకని లేపాల్సిన పని తక్కువ. వాల్డెస్ పోటీ రీలు దొరికితే పక్కన పెట్టి చూడండి, అక్కడ లేపుతాడు.